ప్రతి తొమ్మిదో కాగితం

నేను చేసిన తెలివితక్కువ పనులన్నిటినీ వరసలో నిలబెడితే ఆ వరస పద్మనాభం బస్టాపులో మొదలై విశాఖ రేవు గేటు దాకా వస్తుంది. ఆ వరసలో అందరికంటే ముందు, మెడలో పూలదండతో నిలబడేది నేను ఫిజిక్సు పత్రికను ఎంపిక చేసిన ఘనకార్యం. నూట నలభై మంది పనివాళ్ల చదువుల గదిని ఒక్క మధ్యాహ్నంలో, కుర్చీలోంచి లేవకుండా ముంచేశాను. ఎలా ముంచానో చెబుతాను, మీరు నవ్వుకోండి. అయితే ముందుగా ఒక్క మాట విన్నవించుకోవాలి. ఆ పనిని నేను పూర్తిగా శాస్త్రీయంగా చేశాను.

తొంభైల నాటి సంగతి. నాకప్పుడు ఇరవయ్యారేళ్లు. బీయస్సీ ఫిజిక్సు, సెకండు క్లాసు. ఆ సెకండు క్లాసు ఎలా వచ్చిందో నాకూ, పరీక్షలో నా ముందు బెంచీ మీద కూర్చున్నవాడికీ మాత్రమే తెలుసు. రోజూ మా ఊరు పద్మనాభం నుంచి బస్సులో వచ్చి, రేవులో ఇనప ఖనిజాన్ని ఓడకెత్తేచోట ఒక ప్రైవేటు కంపెనీలో శాంప్లింగు అసిస్టెంటుగా పని చేసేవాణ్ని. కంపెనీ పేరు మీకెందుకు లెండి, తప్పు వాళ్లది కాదు.

మా పనేమిటంటే, ఖనిజం బెల్టు మీద పోతూ ఉంటే ప్రతి తొమ్మిదో నిమిషానికి ఒక పారెడు తీసి సంచిలో వెయ్యాలి. ఆ సంచులన్నీ కుప్పపోసి, చదును చేసి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలు పారెయ్యాలి. మిగిలినదాన్ని మళ్లీ కుప్పపోసి మళ్లీ నాలుగు చెయ్యాలి. ఇలా చేసుకుంటూ పోతే ఓడెడు ఖనిజం చివరికి ఒక సీసాలోకి వస్తుంది. ఆ సీసాలో ఏముంటే ఓడలో అదే ఉన్నట్టు లెక్క.

ఈ విద్య నాకు నేర్పింది మా ఫోర్‌మన్ సింహాచలం గారు. ముప్పయ్యేళ్లుగా పార పట్టినవాడు. ఆయనకు ఒకే ఒక్క సూత్రం ఉండేది, దాన్ని రోజుకు రెండుసార్లు చెప్పేవాడు. "ఒరే నాయుడూ, సూసి తీసింది శాంపిలు కాదు. కన్నెప్పుడూ మెరిసే రాయి కాడికే ఎల్తాది. గడియారం సూసి పార ఎయ్యి, రాయిని సూసి ఎయ్యకు." నేను ఆ సూత్రాన్ని ఎంతగా వంటబట్టించుకున్నానంటే, బజార్లో వంకాయలు కూడా చూడకుండా తీసి ఇంట్లో తిట్లు తినేవాణ్ని.

మా శాంప్లింగు షెడ్డు పక్కనే క్రేన్ల వర్కుషాపు. ఎలక్ట్రీషియన్లు, ఫిట్టర్లు, వెల్డర్లు, క్రేను ఆపరేటర్లు అందరూ కలిపి నూట నలభై మంది. క్యాంటీను వెనకాల ఒకప్పుడు బ్యాటరీలు చార్జి చేసిన గది ఖాళీగా పడి ఉంటే, నాలుగు బల్లలు వేసి చదువుల గది చేశారు. దానికి పట్టుబట్టినవాడు నూకరాజు. భీమిలి దగ్గర వేటకెళ్లే కుటుంబం. తండ్రి, అన్నదమ్ములు ఇంకా సముద్రం మీదే ఉన్నారు. ఇతనొక్కడు ఐటీఐ చదివి క్రేను ఎలక్ట్రీషియనయ్యాడు. ఇంట్లో ఉన్న ఒక్క గదిలో సగం వలలు, సగం పిల్లలు. అందుకని మొదటి బస్సు పట్టుకుని వచ్చి, షిఫ్టు మొదలయ్యేలోగా ఆ బ్యాటరీల గదిలో ఒక గంట చదువుకునేవాడు. నాకంటే పదేళ్లు పెద్దవాడు, అయినా నన్ను 'బావ' అనే పిలిచేవాడు. అక్కడ మగవాళ్లందరూ ఒకరికొకరు బావలే.

అతనికి చదువు మీద అంత పట్టుదల దేనికంటే, మూడో నంబరు క్రేను. ఆ క్రేనులో బరువు ఎక్కువైతే ఆపేసే పెట్టె ఒకటుండేది. విదేశీ సామాను, సీలు వేసి ఉంటుంది. అది మధ్యాహ్నమయ్యేసరికి ఖాళీ కొక్కేనికి కూడా బరువు చూపించి క్రేనును నిలబెట్టేసేది. బయటనుంచి మనుషులొచ్చి బాగుచేసి వెళ్లేవారు, అది మళ్లీ నిలబడేది. ఆ పెట్టెలో ఏం జరుగుతోందో తెలుసుకోవాలని నూకరాజుకి దురద. చదువుల గదిలో ఉన్నవేమో పాత దినపత్రికలూ, ఎవరో దానం చేసిన రెండు వంటల పుస్తకాలూ.

ఇంతలో కొత్త వెల్ఫేర్ ఆఫీసరు గారు వచ్చారు. గోదావరి వైపు మనిషి, మాట మెత్తన, పని గట్టి. గది చూసి, దినపత్రికలు క్యాంటీన్లో కూడా ఉన్నాయి కదా, దీనికి వేరే గదెందుకు అన్నారు. క్లబ్బు కమిటీ వాళ్లు అప్పటికే ఆ గదిలో క్యారమ్స్ పెట్టించమని అర్జీ ఇచ్చారు. నూకరాజు వెళ్లి క్రేను పెట్టె సంగతి చెప్పి, ఫిజిక్సు చదువుకునే వీలు కల్పించమని బతిమాలాడు. చివరికి ఆఫీసరు గారు ఒక తీర్పు చెప్పారు. పనివాళ్ల వృత్తికి పనికొచ్చే ఫిజిక్సు పత్రిక ఒక్కటి, ఏదైనా సరే, కంపెనీ ఏడాదిపాటు తెప్పిస్తుంది. మొదటి సంచిక వచ్చిన ఆరు నెలలకు తానే వచ్చి చూస్తారు. నిజంగా చదువుతూ ఉంటే గది ఉంటుంది, లేకపోతే క్యారమ్స్ బల్లలు వస్తాయి.

ఆ ఒక్క పత్రికా ఏదో ఎంచడానికి రేవు మొత్తంలో ఫిజిక్సు చదివినవాడు ఎవడని వెతికితే నేను దొరికాను. నేను వద్దనలేదు. వద్దనవలసింది. నూకరాజు నన్ను టీకి తీసుకెళ్లి తనకేం కావాలో చెప్పాడు. "బావ, మరీ పిల్లల పుస్తకం వొద్దు, ఆళ్లు మనల్ని సూసి నవ్వుతారు. మరీ ప్రొఫెసర్లదీ వొద్దు, మనకి బోధపడదు. మజ్జిలో మనలాంటోళ్లుంటారు కదా. కరెంటు ఎలగొత్తాదో తెలుసు, ఎందుకొత్తాదో తెలీదు. అలగటోళ్లకి ఏదుందో అది సూడు."

పత్రికల ఎంపిక మీద ఇంతకంటే మంచి సలహా నాకు ఇప్పటిదాకా ఎవరూ ఇవ్వలేదు. దాన్ని నేను సమోసాతో పాటు మింగి మర్చిపోయాను.

ఆఫీసరు గారి ఉత్తరం పట్టుకుని యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్లాను. ఫిజిక్సు పత్రికల అరలో పదకొండు పత్రికలున్నాయి. ఒకటి తీసి చదవబోయాను. మొదటి పేరాలో నాకు తెలిసిన మాటలు రెండో మూడో ఉన్నాయి, అవి కూడా అన్ని పుస్తకాల్లోనూ ఉండేవే. పక్క బల్ల దగ్గర ఒక కుర్రాడు అలాంటిదే చదువుతూ మధ్యమధ్యలో తల ఊపుతున్నాడు. నేనూ తల ఊపాను. ఇలా పదకొండు పత్రికలకు తల ఊపడం కష్టమనిపించింది. అప్పుడు నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. ఇవి చదవడమెందుకు, శాంపిలు తీస్తే సరిపోతుంది కదా.

నవ్వకండి. అప్పుడు అది నాకు చాలా గొప్పగా కనిపించింది. పత్రికంటే ఓడ, కాగితమంటే పారెడు ఖనిజం. ప్రతి తొమ్మిదో నిమిషానికి ఒక పార అయితే, ప్రతి తొమ్మిదో కాగితానికి ఒక లెక్క. ఆ కాగితం మీద సమీకరణాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి. సమీకరణాలు ఎక్కువుంటే ప్రొఫెసర్లది, తక్కువుంటే మనలాంటివాళ్లది. మధ్యలో కాగితాలు మాత్రం చూడకూడదు, చూస్తే కన్ను మెరిసేదాని మీదికి పోతుంది. సింహాచలం గారి సూత్రం మీద ఒట్టేసినట్టు, ఎనిమిది కాగితాలు వేలితో తిప్పుతూ కిటికీలోంచి బయటికి చూసేవాణ్ని. తొమ్మిదోది రాగానే కళ్లు దించేవాణ్ని. లైబ్రరీ ఆయన రెండుసార్లు వచ్చి నన్ను పరీక్షగా చూసి వెళ్లాడు.

పది పత్రికలకు కాగితానికి ఆరు, ఎనిమిది, పద్నాలుగు చొప్పున సమీకరణాలు తేలాయి. పదకొండోదానికి వచ్చేసరికి సున్నా. మళ్లీ తొమ్మిది తిప్పాను, మళ్లీ సున్నా. అట్ట నుంచి అట్ట దాకా సున్నాలే. పైగా తొమ్మిదో కాగితం తగిలినప్పుడల్లా నున్నగా, దళసరిగా, రంగుల బొమ్మతో, బాణం గుర్తులతో, పక్కన నాలుగే నాలుగు ముక్కల వివరణతో ఉంది. నాకు కళ్లు చెమర్చాయి. నూకరాజు అడిగింది సరిగ్గా ఇదే కదా అనుకున్నాను.

మా శాంప్లింగు ఫారం మీదే రిపోర్టు రాసి ఆఫీసరు గారికిచ్చాను. లాటు: విదేశీ ఫిజిక్సు పత్రిక. మలినాలు: సమీకరణాలు. మలినాల శాతం: శూన్యం. ఆయన దాన్ని రెండుసార్లు చదివి, మీరు కూడా చదివి చూశారు కదా అని అడిగారు. శాస్త్రీయంగా చూశానండీ అన్నాను. అబద్ధం ఆడలేదని ఈనాటికీ నా నమ్మకం.

రెండు నెలలకు మొదటి సంచిక వచ్చింది. ఆ శనివారం మధ్యాహ్నం బ్యాటరీల గదిలో నలభై మంది దాకా చేరారు. కొత్త చొక్కా వేసుకుని నేను మొదటి వ్యాసం చదివి వినిపించాలని ఏర్పాటు. పత్రిక తెరిచాను. పేజీ నిండా సమీకరణాలు, చీమలబారులా ఈ చివర నుంచి ఆ చివర దాకా. తిప్పాను, ఇంకా ఉన్నాయి. మధ్యమధ్యలో 'కనుక' అనీ, 'స్పష్టంగా తెలుస్తున్నట్టు' అనీ అర్థమొచ్చే ఇంగ్లీషు ముక్కలు తప్ప మాటలనేవే లేవు. నాకు ఏమీ స్పష్టంగా తెలియలేదు.

మొదటి బెంచీలోంచి నూకరాజు మెల్లగా అడిగాడు. "బావ, ఈ మెలిక తిరిగినదేటి, పాములాగున్నాది?"

"అది ఇంటిగ్రలు."

"అదేటి సేత్తాది?"

"కలుపుతాది."

"దేన్ని కలుపుతాది?"

"అన్నిటినీ."

వెనకనుంచి ఎవరో, అన్నిటినీ కలిపీసినాక మరి ఇన్ని పేజీలెందుకు అన్నారు. ఇది చాలా లోతైన విషయమనీ, వచ్చే వారం ఇంకాస్త లోతుకి వెళదామనీ చెప్పి ముగించాను. వచ్చే వారం తొమ్మిది మంది వచ్చారు. ఆ పై వారం నూకరాజు ఒక్కడే వచ్చాడు. మర్యాద కోసం ఇద్దరం కాసేపు పేజీలు తిప్పాం. ఆపైన నేను మీటింగులు మానేసి, గది కనబడకుండా క్యాంటీనుకు చుట్టూ తిరిగి వెళ్లడం మొదలుపెట్టాను.

తప్పెక్కడ జరిగిందో నాకు ఎంతకీ అంతు చిక్కలేదు. సింహాచలం గారికి పత్రిక చూపించి, మీ సూత్రమే మోసం చేసిందని వాదనకు దిగాను. ఆయనకు ఇంగ్లీషు రాదు. పత్రికను బల్ల మీద నిలబెట్టి, పక్కనుంచి అంచు చూశాడు. తర్వాత బొటనవేలితో కాగితాలు లెక్కపెట్టాడు. "ఎనిమిది మామూలు కాయితాలు, తరవాత ఒక నున్నటి కాయితం. మళ్లీ ఎనిమిది, మళ్లీ నున్నటిది. కుట్టుకీ కుట్టుకీ మజ్జిలో రంగులది ఒకటి పెడతన్నారు ఆళ్లు. నువ్వేమో లెక్కగా తొమ్మిదోదే సూసినావు." నున్నటి కాగితం ఒకటి నాకు తిప్పి చూపించి, ఇందులో ఏముందో చదవమన్నాడు. మొదటిసారి చదివాను. ఫలానా కంపెనీ వారి వాక్యూమ్ పంపు, అది ఎలా పనిచేస్తుంది, ఎందుకు మిగతావాటికంటే మేలు.

"అవి ప్రకటనలు నాయుడూ. ప్రకటనలు కొనిపించినావు. మజ్జిలో ఫిజిక్సు ఊరికే వచ్చింది." మొదటి పార ఏ నిమిషానికి వెయ్యాలో చీటీలు తీసి తేల్చుకోమని నీకెన్నిసార్లు చెప్పానని అడిగాడు. బెల్టు కూడా ఒక్కోసారి ఇలాగే లయ పట్టి ఒకే రకం రాయిని ఒకే నిమిషానికి తెస్తుందట. చెప్పాడు, నిజమే. ఆ రోజు నేను వేరుశనక్కాయలు తింటున్నాను.

అప్పటికి మొదటి సంచిక వచ్చి నాలుగు నెలలు గడిచాయి. క్లబ్బు కమిటీ వాళ్లు రెండు క్యారమ్స్ బల్లలు తెచ్చి గది గోడకు ముందుగానే ఆనించి పెట్టారు. నాకు నిజంగా సిగ్గేసింది. నా పరువు సంగతి అటుంచండి, అదెలాగూ పెద్దగా లేదు. పొద్దున్నే మొదటి బస్సులో నిలబడి వచ్చే మనిషి కూర్చుని చదువుకోవడానికి ఉన్న ఒక్క చోటును నేను పోగొడుతున్నాను. ఈ మాట అతనితో చెప్పి క్షమాపణ అడగాలని ఒకరోజు పెందలాడే వెళ్లాను.

నూకరాజు బల్ల మీద పత్రిక తెరిచి, పక్కన డిక్షనరీ పెట్టుకుని, పెన్సిలుతో ఏదో రాసుకుంటున్నాడు. అతను ఒక్కడే కాదు, ఇంకో నలుగురున్నారు. అందరూ ఆ నున్నటి కాగితాల మీదే వంగి ఉన్నారు. నన్ను చూడగానే నూకరాజు ముఖం వెలిగింది. "రా బావ. ఇలగ సూడు. బరువు తూసేది, లోడు సెల్లంట. ఇనప కడ్డీకి సన్నటి తీగ అంటిత్తారంట. బరువు పడితే కడ్డీ సాగుతాది, దాంతో తీగా సాగుతాది. తీగ సాగితే కరెంటుకి అడ్డు ఎక్కువవుతాదంట. మన మూడో నంబరు క్రేన్లో ఉన్నది ఇదే. ఇన్నాళ్లూ ఆ పెట్టెలో ఏదో మంత్రం ఉందనుకున్నాను."

నేను క్షమాపణ మింగేశాను. ఎలాగూ మింగడం నాకు అలవాటే. అతను పత్రిక చివర ఉన్న అట్టకార్డు చూపించాడు. ప్రతి ప్రకటన కింద ఒక నంబరుంది. కార్డు మీద ఆ నంబరు దగ్గర గీత కొట్టి మద్రాసులోని ఏజెంటుకు పోస్టు చేస్తే, వివరాల పుస్తకం ఉచితంగా పంపుతారట. కార్డు నింపడానికి నా సాయం కావాలన్నాడు. ఇంతవరకూ చేసిన నష్టం చాలదన్నట్టు నేను వెంటనే కూర్చున్నాను.

హోదా అన్నచోట డైరెక్టరు, ప్రొఫెసరు, హెడ్, సైంటిస్టు అని నాలుగే గళ్లున్నాయి. ఎలక్ట్రీషియన్‌కు గడి లేదు. ఏ గడిలో టిక్కు కొట్టాలని అడిగాడు. హెడ్ కొట్టెయ్యి, మీ షిఫ్టులో నలుగురికి నువ్వే కదా చెప్పేది అన్నాను. సంస్థ రకం అన్నచోట 'పరిశోధన' అన్న గడి బాగుందని కొట్టించాను. సిబ్బంది ఎందరని ఉంటే నూట నలభై అని నేనే స్వయంగా రాశాను. పేరుకు ముందు డాక్టరు అని అచ్చువేసి ఉంటే, కొట్టేస్తే కార్డు పాడవుతుందని అలాగే ఉంచేశాం.

నెల తిరిగేసరికి లావుపాటి కవర్లు రావడం మొదలైంది. డాక్టర్ నూకరాజు, హెడ్ అని పైన రాసి ఉండేది. గేటు దగ్గర గుమస్తా వాటిని మొదట తప్పు చిరునామా అనుకున్నాడు, తర్వాత నూకరాజును చూసి లేచి నిలబడడం మొదలుపెట్టాడు. ఆ కవర్లలోని పుస్తకాలు నిజంగా మంచివి. సరుకు అమ్ముకోవాలి కాబట్టి అర్థమయ్యేలా రాసి తీరాలి. బొమ్మలు, బాణాలు, చిన్నచిన్న లెక్కలు. పంపు ఎందుకు లాగుతుంది, అద్దం ఎందుకు వెలుగును వెనక్కి కొడుతుంది, చలి ఎక్కువైతే తీగలో కరెంటు ఎందుకు సులువుగా పోతుంది. వెల్డర్లు ఒక పుస్తకం, ఫిట్టర్లు ఇంకొకటి తీసుకుని కూర్చునేవారు. నేనూ ఒక మూల కూర్చుని, డిగ్రీలో మూడేళ్లు నాకు అర్థం కాని రెండు సంగతులు అక్కడ అర్థం చేసుకున్నాను. ఈ విషయం అప్పుడు ఎవరికీ చెప్పలేదు.

ఆఫీసరు గారు చెప్పిన రోజుకు చెప్పినట్టే, మధ్యాహ్నం భోజనాల వేళకు వచ్చారు. వెంట వడ్రంగిని తెచ్చారు. అతను వచ్చీ రాగానే గదికి టేపు పట్టడం మొదలుపెట్టాడు. ఇంకా ఎవరూ భోజనం ముగించి రాలేదు. గదిలో నేను, నూకరాజు, గోడకు ఆనిన క్యారమ్స్ బల్లలు. ఇక అసలు సంగతి చెప్పేద్దామని నేను గొంతు సవరించుకుంటూ ఉండగా, గుమ్మంలో టై కట్టుకున్న ఒక మనిషి కనిపించాడు. చేతిలో బరువైన సూట్‌కేసు, ఒళ్లంతా చెమట. మద్రాసు నుంచి వచ్చానని, డాక్టర్ నూకరాజు గారిని కలవాలని తెలుగులోనే అన్నాడు. గేటు దగ్గర డాక్టరని అడిగితే ఫస్ట్ ఎయిడ్ గదికి పంపారట. అక్కడ బీపీ కూడా చూశారట.

ఆఫీసరు గారు ఏ డాక్టరని అడిగారు. ఆ మనిషి జేబులోంచి మా కార్డు తీసి చదివాడు. హెడ్, పరిశోధన సంస్థ, నూట నలభై మంది సైంటిస్టులు. తన పైవాళ్లు ఈ సంస్థను వదలొద్దని ప్రత్యేకంగా చెప్పి పంపారట. చెబుతూ చెబుతూ చుట్టూ చూశాడు. పాత బ్యాటరీల మరకలు, వంటల పుస్తకాలు, గోడకు టేపు పట్టుకున్న వడ్రంగి. ఆఫీసరు గారు నా వైపు తిరిగారు. ఆ క్షణంలో బెల్టు మీదనుంచి ఓడలోకి, ఓడలోంచి విదేశాలకు వెళ్లిపోవాలనిపించింది.

నూకరాజు చేతులు తుడుచుకుని ముందుకొచ్చాడు. "నానేనండి నూకరాజుని. డాక్టర్ని కానండి. ఎలక్ట్రీషియన్ గ్రేడు టూ అని గడి నేదండి మీ కార్డులో, ఉంటే అదే కొట్టీవోడిని. తప్పు మాదే, ఏటనుకోకండి. మంచినీళ్లు తాగండి." ఆయన తాగాక అదే గొంతుతో అన్నాడు. "ఎలాగూ వచ్చినారు కదా. ఆ పదిహేడో నంబరు, బరువు తూసేది, పెట్టిలో తెచ్చినారా? ఒకపాలి సూపిత్తారేటి."

ఆ మనిషి కోపం తెచ్చుకోబోయి ఆగాడు. పదిహేడో నంబరు పేజీ మీరు చదివారా అని అడిగాడు. నూకరాజు ఆ పేజీ మొత్తం తెలుగులో అప్పజెప్పాడు. మద్రాసు మనిషి, తాను ఎక్కడికి వెళ్లినా టీ ఇచ్చి పంపించేస్తారనీ, ఆ పేజీ చదివినవాణ్ని చూడడం ఇదే మొదటిసారనీ చెబుతూ సూట్‌కేసు తెరిచాడు. ఒక పలచటి అల్యూమినియం పట్టీ, దాని మీద తపాలా బిళ్లంత రేకు, రెండు తీగలు, ఒక మీటరు. పట్టీ చివర వేలితో ఒత్తగానే మీటరు ముల్లు కదిలింది. అప్పటికి భోజనాలు ముగించుకుని జనం వస్తున్నారు. ఒక్కొక్కరూ వచ్చి ఒత్తి చూశారు. కాసేపటికి గది నిండిపోయి కిటికీల దగ్గర నిలబడ్డారు. వడ్రంగి టేపు వదిలేసి వరసలో నిలబడ్డాడు. ఆఫీసరు గారు కూడా తన వంతు వచ్చినప్పుడు ఒత్తారు. ముల్లు కదలగానే ఆయన ముఖంలో కనిపించిన సంతోషం ఆఫీసర్లకు మామూలుగా ఉండేది కాదు.

అప్పుడు నూకరాజు తన ప్రశ్న అడిగాడు. ఎన్నేళ్లుగానో దాచుకున్న ప్రశ్న. "ఎండకి కూడా ఇనుము సాగుతాది కదండి. మా క్రేను మద్దినేళకి ఖాళీ కొక్కేనికే బరువు సూపిత్తాది, పొద్దు దిగితే మానుతాది. మరి ఎండ సాగదీసిందేదో, సరుకు సాగదీసిందేదో ఇది ఎలగ ఇడదీత్తాది?"

మద్రాసు మనిషి మీటరు కింద పెట్టి అతని వైపు చూశాడు. దీనికి రెండో రేకు ఒకటి ఉంటుందని, దాన్ని బరువు పడనిచోట అంటిస్తారని, దానికి ఎండ మాత్రమే తెలుస్తుందని చెప్పాడు. మొదటిదానిలోంచి రెండోదాన్ని తీసేస్తే మిగిలేది సరుకు బరువు. రెండోదాని తీగ తెగితే మీ క్రేను చేసినట్టే చేస్తుందన్నాడు. నూకరాజు నెమ్మదిగా, ఎప్పుడో రిపేరుకొచ్చినోళ్లు పెట్టి బయట ఒక తీగ అక్కర్నేదని కోసీసి టేపు సుట్టీసినారని అన్నాడు. ఆ రెండో రోజు అతను ఆ తీగ అతికాడు. మూడో నంబరు క్రేను ఆ వేసవి ఒక్క మధ్యాహ్నం కూడా నిలబడలేదు.

ఆ మధ్యాహ్నం మాత్రం ఆఫీసరు గారు బల్ల మీది పత్రిక చేతిలోకి తీసుకున్నారు. సమీకరణాల పేజీలు కొత్త పంచెల్లా తెల్లగా ఉన్నాయి. నున్నటి పేజీలేమో మసి వేలిముద్రలతో నల్లబడి, అంచుల నిండా పెన్సిలుతో తెలుగు అర్థాలు రాసి ఉన్నాయి. ఆయన నన్ను పిలిచి, ఇది మీరు ఏ పద్ధతిలో ఎంచారో ఇప్పుడు నిజం చెప్పమన్నారు. చెప్పేశాను. తొమ్మిదో కాగితం, కిటికీ, శూన్యం శాతం మలినాలు, అన్నీ. నూకరాజు వింటున్నాడు కాబట్టి అతనికి చెప్పవలసిన క్షమాపణ కూడా అందులోనే చెప్పేశాను. ఆయన చాలాసేపు నవ్వలేదు. తర్వాత వడ్రంగితో, క్యారమ్స్ సంగతి వదిలేసి ఈ గోడకు అరలెన్ని పడతాయో కొలవమన్నారు. అప్పుడు నవ్వారు. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు నాకేనేమోనని నేను నమస్కారం కూడా పెట్టాను.

మరుసటి ఏడాది ఎంపిక నా చేతికివ్వలేదు. ఆరేడు పత్రికల నమూనా సంచికలు తెప్పించి నెలరోజులు బల్ల మీద ఊరికే పడేశారు. నెల తర్వాత సింహాచలం గారు ఒక్కో పత్రిక తెరిచి మసి వేలిముద్రలు లెక్కపెట్టాలి. ఎక్కువ మసి అంటినదే తెప్పించాలి. ఇంతకంటే నిజాయితీగల పద్ధతి ఏ లైబ్రరీలోనూ నేను చూడలేదు. నాకేమో అందులో ఒకదాని మీద మనసు పడింది, ఆకాశం బొమ్మలతో, సులువైన ఇంగ్లీషులో ఉండేది. దాన్నెవరూ ముట్టుకోవడం లేదు. నేను ఏం చేశానో మీరు ఊహించే ఉంటారు. భోజనాల వేళ గ్రీజు డబ్బాలో వేలు ముంచి పేజీపేజీకీ అద్ది, ఆ పత్రికను శ్రద్ధగా చదివించాను.

సింహాచలం గారు ఆ పత్రిక తెరిచి రెండు నిమిషాలు చూశాడు. "నూట నలభై మంది ఉన్న సోట ఇది ఒక్కడే సదివినాడు. ఆడికి ఒక్క బొటనేలే ఉన్నాది. ఆ ఏలి మీద కోత కూడా ఉన్నాది." అందరూ నా బొటనవేలి వైపు చూశారు. నేను చెయ్యి జేబులో పెట్టుకున్నాను, దాంతో ప్యాంటు కూడా నల్లబడింది.

నూకరాజు మాత్రం నవ్వలేదు. "నీకది సదవాలనుందేటి బావ?" అని అడిగాడు. ఉందన్నాను. "మరది సెప్పొచ్చు కదా. మాకేది బాగుంటాదో ఇన్నాళ్లూ ఎతికినావు గానీ నీకేటి కావాలో ఒక్కపాలి అడగనేదు. నువ్వూ సదివీవోడివే, నీ ఏలూ ఏలే." రిజిస్టరు తెరిచి, పాఠకుల జాబితాలో చివర నా పేరు రాశాడు. ఆ పత్రిక కూడా తెప్పించారు. బీయస్సీ ఫిజిక్సు చదివిన నేను ఆకాశం ఎందుకు నీలంగా ఉంటుందో ఇరవయ్యేడో ఏట, బ్యాటరీల గదిలో, నూకరాజు పక్కన కూర్చుని తెలుసుకున్నాను.

అందుచేత, మసి అంటిన నా బొటనవేలిని ఎత్తి, పాఠక మహాశయులందరి సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. అట్ట నుంచి అట్ట దాకా నేను చదవని పుస్తకాన్ని ఇకమీదట ఎవరికీ సిఫారసు చెయ్యను. అలా చదివినవి నా దగ్గర ఎన్నున్నాయని మాత్రం దయచేసి ఎవరూ అడగకండి.